మోడల్ హెలికాప్టర్ ఇంజిన్ మీద పట్టేసిన క్లచ్: పిస్టన్ పాడవకుండా ఊడదీయడం ఎలా?

(వీడియో ఎపిసోడ్‌లో చెప్పిన మాటలను చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇక్కడ ఇస్తున్నాం.)

పోయినసారి కార్బురేటర్ శుభ్రం చేసుకున్నాం. ఈసారి పని చూడ్డానికి చిన్నదే. కానీ ఇంట్లో చేసుకునేవాళ్లలో సగం మంది ఇక్కడే ఇంజిన్ పాడు చేసుకుంటారు. క్లచ్ ఊడదీయడం. అదీ ఏళ్ల తరబడి కదలకుండా పట్టేసిన క్లచ్.

ఇదిగో, బల్ల మీద ఉన్నది 50 సైజు నైట్రో ఇంజిన్. 50 అంటే 0.50 క్యూబిక్ ఇంచి, మన లెక్కలో 8 సీసీ చిల్లర. ఇది నాది కాదు. మా వీధి చివర ఒకబ్బాయి ఉన్నాడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాళ్ల నాన్నగారిది ఈ హెలికాప్టర్. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది, అప్పట్నుంచీ అటక మీదే ఉంది. మొన్న దసరాకి ఇల్లు దులుపుతుంటే కిందికి దించారట. "బాబాయ్, అంతా విప్పాను, క్లచ్ ఒక్కటే రావట్లేదు, కొంచెం చూస్తారా" అని సంచిలో వేసుకొచ్చాడు.

నేను ముందు క్లచ్ చూడలేదు. సైలెన్సర్ బిగించే కంత చూశాను, అదే ఎగ్జాస్ట్ పోర్టు. దాని అంచు మీద తళతళలాడే కొత్త గాటు ఉంది. "స్క్రూడ్రైవర్ పెట్టావా?" అన్నాను. తల దించుకున్నాడు. తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే నేను కొన్న మొదటి ఇంజిన్‌ని సరిగ్గా ఇలాగే పాడు చేశాను. ఆ స్క్రూడ్రైవర్ ఎందుకు పెట్టకూడదో, దాని బదులు ఏం చెయ్యాలో, ఈ ఎపిసోడ్ అంతా అదే.

అసలు క్లచ్ ఎందుకు పట్టేస్తుంది?

ఇది సెంట్రిఫ్యూగల్ క్లచ్, మన మోపెడ్లలో ఉండే రకమే. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు రోటర్ కదలదు. స్పీడు పెరిగేకొద్దీ ఈ రెండు షూలు బయటికి విచ్చుకుని చుట్టూ ఉన్న గిన్నెని పట్టుకుంటాయి. అప్పుడు రోటర్ తిరుగుతుంది. దగ్గరగా చూడండి, ఈ షూలు విడి ముక్కలు కావు. ఒకే బిళ్లలో చీలికలు కోసి చేశారు. మధ్య భాగానికీ షూకీ లింకు ఈ సన్నటి మెడ ఒక్కటే. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాం దీని దగ్గరికి.

ఈ క్లచ్ బిళ్ల రెండు ఎం3 స్క్రూలతో హబ్ మీద కూర్చుంటుంది. ఈ ఇంజిన్‌లో హబ్బూ, చల్లార్చే ఫ్యానూ ఒకే అల్యూమినియం ముక్క. హబ్ మధ్యలో మర ఉంటుంది, అది నేరుగా క్రాంక్‌షాఫ్ట్ మీద బిగుస్తుంది. ఈ సైజు ఇంజిన్లలో షాఫ్ట్ మర మామూలుగా పావు ఇంచి, ఇంచికి 28 చుట్లు. 60, 90 సైజుల్లో 5/16 ఇంచి, 24 చుట్లు. కాబట్టి పట్టేసిందనేది క్లచ్ కాదు, దాని కింద ఉన్న హబ్.

ఇప్పుడు కిటుకు చూడండి. క్లచ్ వైపు నుంచి చూస్తే ఇంజిన్ గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో తిరుగుతుంది. మర మామూలు కుడి మరే. షాఫ్ట్ ఎదురు దిక్కులో తోస్తుంది, రోటర్ బరువు హబ్‌ని వెనక్కి ఆపుతుంది. అంటే తిరిగిన ప్రతిసారీ హబ్ ఇంకాస్త బిగుస్తుందే తప్ప వదులవదు. ఎగిరేటప్పుడు ఊడిపోకుండా ఉండడానికి అదే మంచిది, మనం ఊడదీయడానికి వచ్చేసరికి అదే శత్రువు. దానికి తోడు బిగించేటప్పుడు థ్రెడ్‌లాకర్ జిగురు వేసుంటారు. ఇంధనంలో ఆముదం నూనె ఉంటే అది వేడికి కాగి కాగి వార్నిష్‌లా గట్టిపడుతుంది. నైట్రోమీథేన్ కాలిన తర్వాత మిగిలే ఆమ్లం ఉక్కుకి తుప్పు పట్టిస్తుంది. ఎనిమిదేళ్లు అటక మీద పెడితే ఈ నాలుగూ కలిసి ఏం చేస్తాయో మీరే ఊహించుకోండి.

బలం ఏ దారిన వెళ్తోంది?

హబ్ తిప్పాలంటే షాఫ్ట్ తిరక్కుండా ఆపాలి. చేత్తో ఆగదు. అందుకని అందరికీ వచ్చే మొదటి ఆలోచన పిస్టన్‌ని ఆపడం. ఎగ్జాస్ట్ కంతలో స్క్రూడ్రైవర్ పెడతారు. లేదా గ్లో ప్లగ్ తీసి ఆ కంతలోంచి పిస్టన్‌ని ఆపే మరచీల బిగిస్తారు. అది కొనడానికి కూడా దొరుకుతుంది, పిస్టన్ లాక్ అని. బిగుసుకోని హబ్‌కి అది చాలు, కాదనను. పట్టేసిన హబ్‌కి మాత్రం వద్దు.

చిన్న లెక్క చెప్తాను. ఒక అడుగు పొడవు పానా, అంటే 30 సెంటీమీటర్లు. చివర 5 కిలోల బలంతో తోశారనుకోండి. ఈ ఇంజిన్‌లో క్రాంక్ పిన్ షాఫ్ట్ మధ్య నుంచి సుమారు 10 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. 30 సెంటీమీటర్లకీ 1 సెంటీమీటర్‌కీ తేడా ముప్పై రెట్లు. మీ 5 కిలోలు అక్కడ 150 కిలోలు అవుతాయి. పిస్టన్ పైకి దగ్గరగా ఉన్నప్పుడు ఆపితే కోణం మారిపోయి అది ఇంకా రెండు మూడింతలు పెరుగుతుంది. ఆ బరువంతా కనెక్టింగ్ రాడ్ మీదుగా పిస్టన్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి స్క్రూడ్రైవర్ మొన దగ్గర ఆగుతుంది.

"మరి ఇంజిన్ నడిచేటప్పుడు లోపల పేలుడు బలం కూడా పిస్టన్ మీదే పడుతుంది కదా బాబాయ్" అన్నాడు మనవాడు. మంచి ప్రశ్నే. పడుతుంది. కానీ అది పిస్టన్ పైభాగం అంతటా సమానంగా పరుచుకుని పడుతుంది. స్క్రూడ్రైవర్ మొన అగ్గిపుల్ల తల అంత చోట గుచ్చుతుంది. పైగా పక్క నుంచి. అల్యూమినియం పిస్టన్ అక్కడ లొంగిపోతుంది. ఈ ఇంజిన్లలో పిస్టన్‌కి రింగు కూడా లేకపోవచ్చు. పిస్టన్, లైనర్ ఒకదానికొకటి కొలిచి జత చేసినవి. ఒక్క గాటు పడినా కంప్రెషన్ పోతుంది. పాత ఇంజిన్‌కి ఆ జత దొరకడం కష్టం, దొరికినా ఇంజిన్ ధరలో సగం అవుతుంది.

కాబట్టి నా పద్ధతి ఒకటే. బలం వెళ్లే దారిలో విరిగే వస్తువేదీ ఉండకూడదు. పిస్టన్‌నీ రాడ్‌నీ ముందే బయటికి తీసేస్తాను. ఎలాగూ తుప్పు పట్టిన బేరింగులు మార్చాలి, ఎలాగూ విప్పాలి. విప్పాక హబ్ తీద్దామని కాదు, హబ్ తీయడానికే విప్పుతున్నాం. చాలామంది ఈ వరసని తిరగేసి చేస్తారు.

వేడికి ముందు ఒక హెచ్చరిక

కాసేపట్లో ఇక్కడ వేడి పెట్టబోతున్నాం. నైట్రో ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. అంటుకున్న సంగతి చెయ్యి కాలాక తెలుస్తుంది. అందుకని ట్యాంకూ పైపులూ వేరే గదిలో పెట్టండి, ఇంధనం డబ్బా అసలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఇంజిన్‌ని విప్పి, తుడిచి, ఒక పగలంతా గాలికి ఆరనివ్వండి. తుప్పు వదిలే స్ప్రే కొట్టుకుంటే దాన్ని కూడా పూర్తిగా తుడిచాకే వేడి. నిజానికి గట్టిపడిన థ్రెడ్‌లాకర్ మీద ఆ స్ప్రే పనేమీ చెయ్యదు. వాసనకి మించి లాభం లేదు.

విప్పడం

ముందు ఈ రెండు ఎం3 స్క్రూలు. వీటికి 2.5 మిల్లీమీటర్ల అలెన్ కీ కావాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇంచీల సెట్టులో 3/32 అని ఒకటి ఉంటుంది, అది కూడా ఇందులో దూరుతుంది. కానీ దాని కొలత 2.38 మిల్లీమీటర్లే. కొంచెం వదులు. గట్టిగా తిప్పగానే లోపలి ఆరు మూలలూ గుండ్రంగా అరిగిపోతాయి. ఈ రెండో స్క్రూ అలాగే అరిగింది, చూడండి. ఏం చేశానంటే, సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ గుంటలో పెట్టి రెండు నిమిషాలు ఉంచాను. వేడి స్క్రూకే తగులుతుంది, చుట్టుపక్కలకి కాదు. జిగురు మెత్తబడింది. తర్వాత మొన అరగని మంచి కీని చిన్న సుత్తితో లోపలికి తట్టి కూర్చోబెట్టి తిప్పితే టక్కుమని వచ్చింది.

క్లచ్ బిళ్ల చేతిలోకి వచ్చింది. ఇందాక చెప్పిన మెడ దగ్గర చూడండి, కటింగ్ ప్లయర్‌తో పట్టుకున్న పళ్ల గుర్తులు. ఇది నన్ను గాటు కంటే ఎక్కువ భయపెట్టింది. ఎగిరేటప్పుడు ఈ ఇంజిన్ నిమిషానికి 16,000 చుట్లు తిరుగుతుంది. ఒక షూ బరువు 10 గ్రాములు, అది మధ్య నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. లెక్క వేస్తే దాన్ని బయటికి లాగే బలం దాదాపు 43 కిలోలు అవుతుంది. పది గ్రాముల ముక్క మీద! ఆ మెడలో కనిపించని పగులు ఒకటి ఉంటే చాలు, షూ తెగి గిన్నెని చీల్చుకుని వస్తుంది. హెలికాప్టర్ పక్కన నిలబడి స్టార్ట్ చేసేది మనమే. అందుకని ప్లయర్, పైప్ రెంచి లాంటివి క్లచ్ మీద పెట్టకండి. పెట్టి ఉంటే ఆ క్లచ్ బిళ్ల పారేయండి. ఈ అబ్బాయికి కూడా అదే చెప్పాను, కొత్తది తెప్పిస్తున్నాడు. బాధపడ్డాడు, నాన్న పెట్టిన బిళ్ల కదా. దాన్ని బల్ల మీద ఉంచుకోమన్నాను, ఇంజిన్‌లో మాత్రం వద్దన్నాను.

ఇక ఇంజిన్. పైన హెడ్ స్క్రూలు, వెనక బ్యాక్‌ప్లేట్‌కి నాలుగు స్క్రూలు. హెడ్ తీశాక హీట్ గన్‌తో కేస్‌ని కొంచెం వెచ్చబెడితే లైనర్ జారి పైకి వస్తుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి. పిస్టన్‌ని కిందికి దించి, వెనక నుంచి రాడ్‌ని క్రాంక్ పిన్ మీద నుంచి వెనక్కి జరిపి, పైనుంచి లాగేయాలి. రాడ్ ఏ ముఖం ముందుకి ఉందో, పిస్టన్ ఏ వైపు ఉందో ముందే ఫోటో తీసుకోండి. నేను మర్చిపోయి రెండు సార్లు తిరగేసి పెట్టినవాణ్ణి.

ఇప్పుడు కేస్‌లో మిగిలింది షాఫ్టూ రెండు బేరింగులూ అంతే.

పట్టుకోవడానికి రెండు పనిముట్లు

మొదటిది షాఫ్ట్‌ని ఆపేది. క్రాంక్‌షాఫ్ట్ లాక్ అని బ్యాక్‌ప్లేట్ స్థానంలో బిగించేవి తయారుగా దొరుకుతాయి. నాది లేత్ షాపులో చేయించుకున్నది. అల్యూమినియం బిళ్ల, బ్యాక్‌ప్లేట్ లాగే నాలుగు కంతలు, మధ్యలో లోపలికి చొచ్చుకెళ్లే బొడిపె, ఆ బొడిపెలో క్రాంక్ పిన్ పట్టేంత గాడి. స్టీలుతో ఎందుకు చేయించలేదంటే, పిన్ మీద రాడ్ తిరుగుతుంది, అక్కడ గీత పడకూడదు. అల్యూమినియం మెత్తన, గట్టిపరిచిన పిన్‌ని గీరదు. లేత్ ఆయనకి పాత బ్యాక్‌ప్లేట్ ఇచ్చి "దీని కొలతలే అన్నా" అంటే అరగంటలో చేసిచ్చాడు.

రెండోది హబ్‌ని తిప్పేది. అడుగు పొడవున్న ఇనుప పట్టీ. షాఫ్ట్ చివర దూరడానికి ఒక పెద్ద కంత, దానికి అటూ ఇటూ క్లచ్ స్క్రూల దూరంలో రెండు చిన్న కంతలు. క్లచ్ ఉన్న చోట ఈ పట్టీని రెండు కొత్త ఎం3 స్క్రూలతో హబ్‌కి గట్టిగా బిగించాలి. పట్టీ హబ్‌కి పూర్తిగా అంటుకుని ఉండాలి, మధ్యలో సందు ఉంటే స్క్రూలు వంగుతాయి. ఫ్యాన్ రెక్కల్ని పట్టుకుని తిప్పడం మాత్రం వద్దు, అవి పెంకుల్లా విరుగుతాయి.

ఇంజిన్‌ని బెంచీ వైస్‌లో, చెక్క ముక్కల మధ్య, ఫ్రేముకి బిగించే చెవుల దగ్గర పట్టించండి. ఇప్పుడు దారి చూడండి. చెయ్యి, పట్టీ, హబ్, షాఫ్ట్, పిన్, లాక్ బిళ్ల, కేస్, వైస్. ఇందులో సున్నితమైనది ఏదీ లేదు.

వేడి

అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. పావు ఇంచి షాఫ్ట్ దగ్గర 220 డిగ్రీలు వేడి పెంచితే హబ్ కంత షాఫ్ట్ కంటే 0.015 మిల్లీమీటర్ ఎక్కువ పెద్దదవుతుంది. వెంట్రుక మందంలో ఐదో వంతు. ఇంతేనా అనకండి, మర పట్టు వదలడానికి అది సాయం చేస్తుంది. అసలు లాభం జిగురు దగ్గర. నీలం రంగు రకం థ్రెడ్‌లాకర్ మామూలుగా పానాకే వస్తుంది. ఎర్ర రకం రావాలంటే 250 డిగ్రీల దాకా వెళ్లాలి, వేడి మీద ఉండగానే తిప్పాలి. చల్లారనిస్తే మళ్లీ పట్టేస్తుంది. ఆయన ఏది వేశారో మనకి తెలీదు, అందుకని ఎర్రదే అనుకుని మొదలుపెట్టాను.

హీట్ గన్ చాలు, మంట అక్కర్లేదు. గన్ మొన హబ్ మధ్యకి చూపించండి, కేస్‌కి తడిగుడ్డ చుట్టండి. ముందు బేరింగ్‌కి రబ్బరు సీలు ఉంటుంది, వేడికి అది పోతుంది. మార్చబోతున్నాం కాబట్టి నాకు బెంగలేదు. బేరింగులు ఉంచుకుందామనుకునేవాళ్లు ఇక్కడ ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. మీ ఫ్యాన్ ప్లాస్టిక్‌ది అయితే ముందే స్క్రూలు విప్పి తప్పించండి.

ఎంత వేడెక్కిందో ఎలా తెలుస్తుంది? తళతళలాడే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది, చాలా తక్కువ చెప్తుంది. నేను సోల్డరింగ్ తీగ వాడతాను. సీసం కలిసిన మామూలు తీగ 185 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేని రకం 220 దాటాక. హబ్ అంచుకి తీగ తగిలించండి. సీసం లేనిది కరిగిందంటే ఇంకో అర నిమిషం పట్టించి గన్ పక్కన పెట్టేయండి.

తర్వాత పట్టీని మెల్లగా లాగుతూ కూర్చోకండి. చెక్క సుత్తితో పట్టీ చివర ఒక్కటి టప్పున కొట్టండి, క్లచ్ వైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కులో. మెల్లటి లాగుడికి జిగురు సాగుతూ పట్టుకుంటుంది, దెబ్బకి పగులుతుంది. నాకు మొదటిసారి రాలేదు. రెండోసారీ రాలేదు. మళ్లీ మూడు నిమిషాలు వేడి. మూడోసారి కొట్టగానే చిన్న కిర్రుమనే చప్పుడు వచ్చి పట్టీ పావు చుట్టు తిరిగింది. మనవాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆగు, ముట్టుకోకు, కాలుతుంది" అన్నాను. తోలు గ్లోవ్ వేసుకుని మిగతా చుట్లు వాడే తిప్పాడు.

మరలో ఏముందంటే, ఎర్ర పొడి. అంటే అనుమానం నిజమే.

మీ హబ్‌కి మర లేకపోతే

కొన్ని ఇంజిన్లలో హబ్ మర మీద బిగుసుకోదు. చీలిక ఉన్న కోన్ ముక్క ఒకటి షాఫ్ట్ మీద ఉంటుంది, దాని మీద హబ్, పైన నట్టు. అక్కడ నట్టు వచ్చినా హబ్ కోన్ మీద పట్టేసి ఉంటుంది. దాన్ని తిప్పినా లాభం లేదు, లాగాలి. హబ్‌లో రెండు స్క్రూ కంతలుంటే చిన్న పుల్లర్ బిగించి షాఫ్ట్ చివర ఆనించి లాగండి. నట్టుని రెండు చుట్లు తిరిగి ఎక్కించి ఉంచండి, మర చెడకుండా ఉంటుంది, హబ్ ఎగిరి పడదు. షాఫ్ట్ చివర సుత్తితో మాత్రం కొట్టకండి. ఆ దెబ్బ బేరింగ్ గుండ్ల మీదకి వెళ్లి వాటి దారిలో సన్నటి గుంటలు పడతాయి. పైకి ఏమీ కనిపించదు, నడిపినప్పుడు గరగరమంటుంది.

ఊడి వచ్చాక

షాఫ్ట్ మరని ఇత్తడి బ్రష్‌తో, ఎసిటోన్‌తో పాత జిగురు పోయేదాకా శుభ్రం చెయ్యాలి. హబ్ మర కూడా. ఒక్క రేణువు మిగిలినా హబ్ ఒంటరిగా ఒక పక్కకి కూర్చుంటుంది. తిరిగి బిగించాక డయల్ గేజ్ పెట్టి హబ్ అంచుని ఒక చుట్టు తిప్పి చూడండి. ముల్లు ఊగడం 0.05 మిల్లీమీటర్ లోపు ఉండాలి. అంతకు మించితే వణుకు వస్తుంది, వణుక్కి ట్యాంకులో ఇంధనం నురగ కడుతుంది, నురగ వెళ్తే ఇంజిన్‌కి ఇంధనం చాలక గాల్లోనే ఆగిపోతుంది. తిరిగి వేసేటప్పుడు నీలం రకం ఒక్క చుక్క చాలు. మర ఎలాగూ తనంతట తానే బిగుసుకుంటుందని ఇందాక చూశాం కదా, ఎర్రది ఎందుకు?

ఇంక ఆ స్క్రూడ్రైవర్ గాటు సంగతి. పిస్టన్ చేతిలోకి తీసుకుని లెన్స్ కింద చూశాం. పైఅంచుకి కొంచెం కింద ఒక గీత, గోటికి తగిలీ తగలనట్టుంది. లైనర్ కంత అంచున లేచిన ముళ్లని మాత్రం సన్నటి వెయ్యి నంబరు నీటికాగితంతో తీశాను. పిస్టన్ గీతని తాకలేదు, అక్కడ ఎంత తోమితే అంత సందు పెరుగుతుంది. లైనర్‌లో చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌ని పైకి తోస్తే చివర్లో బిగువు తెలియాలి. తెలిసింది. మునుపటంత ఉందో లేదో ఆయనకే తెలియాలి, మనకి తెలియదు.

బేరింగులు రేపు వస్తాయి. కేస్‌ని వేడి చేసి, బేరింగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, సుత్తి లేకుండా కూర్చోబెట్టడం వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. క్లచ్ బిళ్ల కూడా అప్పటికి అందితే అదే రోజు స్టార్ట్ చేస్తాం. ఉంటానండీ.